ఏ రన్? పంపుల సాఫ్ట్‌వేర్ అనువాదంలో ఒక్క క్రియతో పడ్డ పాట్లు: కేస్ స్టడీ

పని ఇది. నీళ్ల పంపుల్ని నడిపే కంట్రోలర్ ఒకటి, దానికి తోడు కంప్యూటర్లోనూ ఫోన్లోనూ వాడుకునే సాఫ్ట్‌వేర్, రెండింటికీ కలిపి ఒక మాన్యువల్. అంతా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి రావాలి. చదివేవాళ్లు రెండు రకాలు. పంపు పక్కన నిలబడి బటన్ నొక్కే ఆపరేటర్ ఒకరు, ఆఫీసులో కూర్చుని రిపోర్టు తీసే ఇంజినీరు ఇంకొకరు. మాకంటే ముందు ఒక సంస్థ కొంత భాగం చేసి ఆపేసింది. వాళ్ల ట్రాన్స్‌లేషన్ మెమరీ (ముందే అనువదించిన వాక్యాల నిల్వ), గ్లాసరీ (ఏ మాటకు ఏ మాటో చెప్పే జాబితా) మాకు అప్పగించారు. ఏ మాటకు ఏ మాట వాడాలో తేల్చి అనువాదకులకు ఇవ్వడం నా వంతు.

గ్లాసరీలో చాలా మాటలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. వాల్వు వాల్వే. ప్రెషర్‌కి ‘పీడనం’ అని రాశారు, పంపు దగ్గర ఎవరూ అలా అనరు కాబట్టి ప్రెషర్ అనే ఉంచాం. తలనొప్పంతా ‘రన్’ అనే ఒక్క క్రియ తెచ్చిపెట్టింది. దాని ఎదురుగా రాసి ఉన్నది ఒకే మాట: ‘అమలు చేయు’. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరో పెట్టి ఉంటారు. స్క్రిప్టునో ఆదేశాన్నో రన్ చేయడానికి ఆ మాట నప్పుతుంది కూడా. చిక్కు ఎక్కడంటే, క్వాలిటీ చెక్ టూల్ గ్లాసరీని చట్టంలా చూస్తుంది. మూలంలో ‘రన్’ ఉండి తెలుగులో ‘అమలు’ లేకపోతే ఆ వాక్యానికి ఎర్ర గుర్తు పెడుతుంది. ఆ గుర్తు పోవాలని అనువాదకులు రాసినవి ఇలా ఉన్నాయి:

“మోటారు వేడిగా అమలవుతోంది.”

“కేబుల్‌ను గోడ వెంబడి అమలు చేయండి.”

“ట్యాంకులో నీరు అమలైపోయింది.”

మూడోది చూశాక రాసినవాళ్ల మీద కోపం పోయింది. ‘అయిపోయింది’ అన్న మాట వాళ్ల చేతికి వచ్చేసింది, ఎర్ర గుర్తుకు జడిసి దానికి ముందు ‘అమలు’ తగిలించారు. తెలుగు రానివాళ్లు చేసే పని కాదది. జాగ్రత్తల అధ్యాయంలో ఇంకో వాక్యం ఉంది, తడి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తవద్దని. మొత్తం ఫైల్లో మనుషులు నిజంగా పరుగెత్తే చోటు అదొక్కటే. అక్కడ కూడా “తడి నేల మీద అమలు చేయరాదు” అని ఉంది.

క్లయింటు వైపు నుంచి వచ్చిన మొదటి ప్రశ్న న్యాయమైనదే. మాన్యువల్ అన్నాక ఒక మాటకు ఒకే అనువాదం ఉండాలి కదా, ప్రతిచోటా మార్చుకుంటూ పోతే ఆపరేటర్ తికమకపడడా? వస్తువుల పేర్ల విషయంలో నేనూ అదే అంటాను. ఒక పేజీలో ‘కవాటం’, ఇంకో పేజీలో ‘వాల్వు’ ఉంటే తప్పే. ఈ క్రియ సంగతి మాత్రం వేరని చూపించడానికి నిఘంటువుల లెక్క ముందు పెట్టాను. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఎక్కువ అర్థాలున్న మాటగా ‘సెట్’కి పేరు, క్రియగా సుమారు 430. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని మించిపోయింది. క్రియగానే 645 అర్థాలు తేలాయి. ఆ ఎంట్రీ మీద ఎడిటర్ పీటర్ గిల్లివర్ తొమ్మిది నెలలకు పైగా కూర్చున్నారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన వర్డ్‌నెట్ అనే ఇంగ్లిష్ మాటల డేటాబేస్‌లో చూస్తే అదే క్రియకు ఉన్నవి 41 అర్థాలే.

ఒకచోట 645, ఇంకోచోట 41. ఎవరి లెక్కా తప్పు కాదు, ఎంత సన్నగా తరిగితే అన్ని ముక్కలు వస్తాయి. పంపు మాన్యువల్‌కు ఆ రెండు సంఖ్యలూ పనికిరావు. ఇక్కడ తేల్చాల్సింది ఒకటే: ఈ ఫైళ్లలో ఎక్కడెక్కడ తెలుగు మాట మారకపోతే చదివేవాడు తప్పు పని చేస్తాడు?

దానికి నిఘంటువు అర్థాల కంటే ఈ క్రియ పుట్టుక నాకు ఎక్కువ దారి చూపింది. పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండు క్రియలు. తనంతట తాను పరుగెత్తడం, పారడం ఒకటి. ఇంకొకదాన్ని పరుగెత్తించడం రెండోది. కాలక్రమంలో రెండూ కలిసి ఒకే రూపమయ్యాయి. వీటి చుట్టాలు జర్మన్‌లో ఇప్పటికీ విడిగానే ఉన్నాయి: రిన్నెన్ అంటే ధారగా కారడం, రెన్నెన్ అంటే పరుగెత్తడం. ఈ రెండోది పుట్టుకలో ‘పరుగెత్తించు’ అనే. కాబట్టి ఇంగ్లిష్‌లో “ది పంప్ రన్స్” అన్నా “రన్ ది పంప్” అన్నా క్రియ ఒకటే, నీరు పారడానికీ అదే. తెలుగులో ఆ జత చెక్కుచెదరలేదు. నడుచు, నడుపు. తిరుగు, తిప్పు. పారు, పారించు. ఆడు, ఆడించు. తెలుగులోకి వచ్చేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది అర్థం కాదు, ఆ పని తనంతట జరుగుతోందా, ఎవరైనా చేయిస్తున్నారా అన్నది. ఇది తేలకుండా ఏ మాట పెట్టినా సగం చోట్ల తప్పుతుంది.

మన ‘పారు’ కూడా తక్కువదేం కాదు. నీరు పారుతుంది, దొంగ పారిపోతాడు. ప్రవాహం, పరుగు అందులోనూ కలిసే ఉన్నాయి. తెలుగుకు మాటలు చాలకపోవడం ఇక్కడి సమస్య కాదు, ఇంగ్లిష్ గీత గీసిన చోట తెలుగు గీయలేదు, అంతే. ఇంగ్లిష్‌లో పరుగెత్తే బస్సు తెలుగులో నడుస్తుంది. పరుగెత్తే ముక్కు కారుతుంది. పరుగెత్తే సినిమా ఆడుతుంది. అమెరికాలో ఎన్నికల్లో పరుగెత్తే నాయకుడు తెలుగులో నిలబడతాడు. (బ్రిటన్‌వాళ్లు కూడా నిలబడతారనే అంటారు.) ఇంట్లో పరుగెత్తే జబ్బు మనకు వంశంలో వస్తుంది, పత్రిక పరుగెత్తించిన వార్తను మనం వేశారంటాం. ఈ వరుసలో ‘పరుగు’ ఒక్కసారీ అక్కర్లేకపోవడం గమనించాలి.

దాంతో గ్లాసరీలో ‘రన్’ అనే ఒక్క వరుసను తీసేసి దాని స్థానంలో పట్టిక పెట్టాం. పట్టికలో మొదటి గడి క్రియకు కాదు, దాని పక్కనుండే నామవాచకానికి: పంపు, మోటారు, నీరు, కేబుల్, పైపు, రిపోర్టు, టెస్టు, షెడ్యూలు, బ్యాటరీ. రెండో గడిలో తనంతట జరిగేదా, చేయించేదా. మూడో గడిలో అదే వాక్యంలో ‘రన్’ తీసేసి పెట్టగల ఇంగ్లిష్ మాట. నాలుగో గడిలో తెలుగు.

మూడో గడి గురించి మా అనువాదకుల్లోనే భిన్నాభిప్రాయం వచ్చింది. ఇంగ్లిష్ నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లి మళ్లీ తెలుగుకు రావడం ఎందుకని. నా జవాబు: అర్థం విడదీయడానికి అది మంచి పనిముట్టు, అర్థం చెప్పడానికి కాదు. ఒక వాక్యంలో ‘రన్’ బదులు ‘ఫ్లో’ ఇముడుతుంది, ఇంకోదాంట్లో ‘ఆపరేట్’, మరోదాంట్లో ‘ఎక్స్‌టెండ్’. ఏది ఇముడుతుందో చూస్తే చాలు, ఆ వాక్యం ఏ గుంపుదో తెలుస్తుంది. అక్కడితో ఆ మాటను వదిలేయాలి. 1852లో రోజె తన థెసారస్‌ను (పర్యాయపదాల కోశాన్ని) అక్షరక్రమంలో కాకుండా భావాల వరుసలో కూర్చడంలో ఉన్న ఉద్దేశమూ దాదాపు ఇదే. పర్యాయపదం కనిపించింది కదా అని నేరుగా దాన్నే అనువదిస్తే కొత్త గోతిలో పడతాం. ‘ఎగ్జిక్యూట్’కి ఆదేశం అమలు చేయడం ఎంత అర్థమో, ప్రాణం తీయడమూ అంతే అర్థం. ‘ఆపరేట్’ చేసేవాళ్లలో సర్జన్లూ ఉన్నారు.

పర్యాయపదాల్లో అన్నిటికంటే మోసం చేసింది ‘వర్క్’. పాత మెమరీలో స్టేటస్ స్క్రీన్ మీద ‘రన్నింగ్’ ఉన్నచోట కొన్నిసార్లు “పనిచేస్తోంది” అని వచ్చింది, ఆగినప్పుడు చూపే వరుసలో “పనిచేయడం లేదు” అని. వినడానికి బాగానే ఉన్నాయి. ఒక్కసారి ఆపరేటర్ వైపు నుంచి ఆలోచించండి. టైమ్ అయిపోయి పంపు మామూలుగా ఆగింది. స్క్రీన్ మీద ‘పంపు 2 పనిచేయడం లేదు’ అని కనిపిస్తే అతను చేసే మొదటి పని మెకానిక్‌కు ఫోన్. తెలుగులో పంపు పనిచేయడం అంటే బాగుండడం, నడవడం అంటే ఇప్పుడు తిరుగుతుండడం. పనిచేసే పంపు నడవకుండా ఉండొచ్చు. రెండింటినీ విడదీశాం: ‘నడుస్తోంది’, ‘ఆగి ఉంది’, ‘చెడిపోయింది’. ఈ మూడు మాటలు తేలడానికి పట్టినంత చర్చ మాన్యువల్ మొదటి అధ్యాయం మొత్తానికీ పట్టలేదు.

ఇక డ్రై రన్. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే.

పంపుల భాషలో డ్రై రన్ అంటే లోపల నీరు లేకుండా పంపు తిరగడం. సెంట్రిఫ్యూగల్ పంపు షాఫ్టు చుట్టూ ఉండే మెకానికల్ సీల్‌లో రెండు నునుపైన ముఖాలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య పల్చటి పొరలా నిలిచే నీరే వాటికి నూనె, అదే చల్లదనం. నీరు లేకపోతే ఆ ముఖాలు కాసేపట్లోనే కాగి పగులుతాయి, సీల్ లీకవుతుంది. సబ్‌మెర్సిబుల్ అయితే మోటారుకు చల్లదనం ఇచ్చేదే చుట్టూ ఉన్న నీరు. అందుకే కంట్రోలర్లలో డ్రై రన్ ప్రొటెక్షన్ పెడతారు. నీరు లేనప్పుడు మోటారు మీద బరువు తగ్గి అది తీసుకునే కరెంటు పడిపోతుంది, ఆ తగ్గుదలను కనిపెట్టి పంపును ఆపేస్తుంది. నీటిమట్టం చూసే ఎలక్ట్రోడ్లతో పనిచేసే రకం కూడా ఉంది.

సాఫ్ట్‌వేర్ భాషలో డ్రై రన్ దీనికి పూర్తిగా ఎదురు. ఏదీ కదల్చకుండా, ఏదీ మార్చకుండా, చేస్తే ఏం జరుగుతుందో ముందే చూసుకోవడం. మా ఫైల్లో షెడ్యూలు పేజీలో ఆ పేరుతో ఒక బటన్ ఉంది. నొక్కితే ఏ పంపు ఎప్పుడు స్టార్టవుతుందో, ఎప్పుడు ఆగుతుందో జాబితా చూపిస్తుంది. పంపులు మాత్రం కదలవు. ఒకే ప్రోడక్టులో, ఒకే రెండు మాటల్లో, ఒకటి పంపును పాడుచేసే స్థితి, ఇంకొకటి దానికి ఏ హానీ చేయని సదుపాయం.

పాత గ్లాసరీలో దీనికి ‘పొడి అమలు’ అని ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి దానివల్ల పెద్ద ప్రమాదం కూడా లేదు. ప్రమాదం సరిదిద్దడంలో వచ్చింది. హార్డ్‌వేర్ అధ్యాయం చేస్తున్న అనువాదకురాలు దాన్ని “నీళ్లు లేకుండా నడపడం” అని చక్కగా మార్చింది. ట్రాన్స్‌లేషన్ టూల్ దాని స్వభావం ప్రకారం, అదే ఇంగ్లిష్ స్ట్రింగ్ (అనువాదానికి విడిగా వచ్చే మాట లేదా వాక్యం) ఇంకెక్కడుంటే అక్కడ ఆ తెలుగును నింపేసింది. షెడ్యూలు పేజీలో బటన్ మీద “నీళ్లు లేకుండా నడపండి” అని వచ్చి కూర్చుంది. భాష పరంగా తప్పులేదు, స్పెల్లింగ్ తప్పులేదు, చెక్ టూల్‌కి అభ్యంతరం లేదు. పంపుల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయనకు స్క్రీన్లు చూపిస్తుంటే ఆయన ఫోను నా వైపు తిప్పారు: “ఇదేంటండీ, పంపు కాల్చెయ్యమని మీరే బటన్ పెట్టారు?”

చివరికి పంపు అర్థంలో ‘డ్రై రన్’ అనే ఉంచాం, మెకానిక్‌లందరి నోటా అదే మాట కాబట్టి. మాన్యువల్‌లో మొదటిసారి వచ్చిన చోట ‘నీళ్లు లేకుండా తిరగడం’ అని విప్పి చెప్పాం. సాఫ్ట్‌వేర్ బటన్ పేరు ‘ట్రయల్ చూడండి’ అయింది, దాని కింద చిన్న అక్షరాల్లో ‘పంపులు స్టార్ట్ కావు’ అన్న వాక్యం చేరింది. ఇంగ్లిష్‌లో ఆ వాక్యం లేదు. మూలంలో లేనిది చేర్చడానికి నేను సాధారణంగా ఒప్పుకోను, ఇక్కడ మాత్రం నేనే అడిగి పెట్టించాను. క్లయింటు తర్వాత ఇంగ్లిష్ స్క్రీన్‌లోనూ దాన్ని చేర్చారు.

ఒంటరిగా ఉండే ‘రన్’ స్ట్రింగులు ఇంకో తరహా చిక్కు. చుట్టూ వాక్యం లేదు, పక్కన నామవాచకం లేదు, కాబట్టి మా పట్టిక అక్కడ చేతులెత్తేసింది. స్క్రీన్‌షాట్లు తెప్పించి చూస్తే ఆ ఒక్క మాట మూడు వేషాల్లో ఉంది. ఒకచోట బటన్, అంటే ఆజ్ఞ. ఒకచోట కంట్రోలర్ మీదుండే స్విచ్ పొజిషన్ పేరు. ఇంకోచోట రిపోర్టులో నిలువు వరుస శీర్షిక, పంపు స్టార్టయినప్పటి నుంచి ఆగేదాకా ఒక విడత అని. ఇది చాలనట్టు టెస్టుల పేజీలో మూడో రూపంలో ‘రన్’ ఉంది. ఈ క్రియకు మూల రూపమూ, మూడో రూపమూ ఒకటే కదా, ‘నాట్ రన్’ అంటే ‘నడపవద్దు’ అని పొరబడే వీలుంది. అక్కడ కావలసింది ‘టెస్టు చేయలేదు’.

బటన్‌కు ‘నడపండి’, శీర్షికకు ‘విడత’ పెట్టాం. స్విచ్ దగ్గర అనువాదమే వద్దన్నాను. పెట్టె మీద ఇంగ్లిష్‌లో చెక్కిన అక్షరాలున్నాయి. మాన్యువల్‌లో “స్విచ్‌ను ‘నడుపు’ వైపు తిప్పండి” అని రాస్తే ఆపరేటర్ ఆ మాట కోసం పెట్టె అంతా వెతుక్కుంటాడు. “స్విచ్‌ను రన్ వైపు తిప్పండి” అని రాసి, పక్కన స్విచ్ బొమ్మ ఉంచాం. ఈ మూడు వేషాలూ టూల్‌లో మళ్లీ కలిసిపోకుండా చూడటం ప్రోగ్రామర్ల చేతిలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అనువాదానికి వాడే గెట్‌టెక్స్ట్ లాంటి పద్ధతుల్లో ప్రతి స్ట్రింగ్‌కూ సందర్భం రాయడానికి వేరే వరుసే ఉంది. అది ఖాళీగా వదిలేస్తే అనువాదకుడికి మిగిలేది ఊహే. క్లయింటు ప్రోగ్రామర్లు మొదట గొణిగారు, డ్రై రన్ బటన్ కథ విన్నాక నింపారు.

సంఖ్యల గురించి ఒక్క మాట. ‘రన్నింగ్’ అన్న ఒకే స్ట్రింగ్‌కు ముందు సంఖ్య పెట్టి వదిలేశారు. తెలుగులో ఒక పంపు నడుస్తోంది, మూడు పంపులు నడుస్తున్నాయి. ఏకవచనానికీ బహువచనానికీ వేర్వేరు స్ట్రింగులు కావాలని అడిగాం, ఇచ్చారు.

కేబుల్, పైపు విషయం తేలిగ్గానే తెగింది. కేబుల్ లాగుతారు, పైపు వేస్తారు. ‘స్ట్రెయిట్ రన్’ అంటే ఫ్లో మీటరుకు ముందూ వెనకా వంపుల్లేకుండా ఉండాల్సిన తిన్నని పైపు పొడవు. దానికి ‘తిన్నని పైపు’ అంటే చాలు. మోటారు ‘వేడెక్కుతోంది’, బ్యాటరీ ‘దిగిపోతోంది’, పరికరం ‘బ్యాటరీతో నడుస్తుంది’. రిపోర్టు ‘తీస్తారు’, టెస్టు ‘చేస్తారు’. పాత మాట ‘అమలు’ను పూర్తిగా తరిమేయలేదు. షెడ్యూలు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ‘అమల్లో ఉంటుంది’ అన్నచోట అది దర్జాగా నిలిచింది.

కొన్నింటిని అసలు ముట్టుకోలేదు. సింగిల్ ఫేజ్ మోటార్లలో స్టార్ట్ కెపాసిటర్, రన్ కెపాసిటర్ అని రెండుంటాయి. మొదటిది మోటారు వేగం అందుకోగానే సర్క్యూట్ నుంచి తప్పుకుంటుంది, రెండోది మోటారు తిరిగినంతసేపూ ఉంటుంది. షాపులో అడిగినా, పెట్టె మీద చదివినా రన్ కెపాసిటరే. దాన్ని తెలుగు చేస్తే తప్పు సామాను కొనుక్కొచ్చే ప్రమాదం తప్ప ఇంకేమీ ఒరగదు. షాఫ్టు ‘రనౌట్’ దగ్గర మాత్రం చర్చ రెండు వర్గాలుగా చీలింది. షాఫ్టు తిరిగేటప్పుడు మధ్య గీత నుంచి ఎంత పక్కకు ఊగుతోందో చెప్పే కొలత అది, డయల్ గేజ్ పెట్టి చూస్తారు. ఆ మాట వినగానే తెలుగు చదువరికి వికెట్లు పడ్డట్టే ఉంటుందని కొందరు, ఫిట్టర్లు రోజూ వాడే మాటేనని కొందరు. ‘షాఫ్టు రనౌట్’ అని జంటగా తప్ప ఒంటరిగా వాడకూడదన్న షరతుతో ఉంచాం.

పట్టిక చేరాక చెక్ టూల్ నియమం మార్చాల్సి వచ్చింది. ‘రన్’ ఉన్నచోట ఫలానా మాట ఉండాలని కాకుండా, ‘పరుగు’, ‘పొడి’ వస్తే ఆపి అడగమని తిప్పి రాశాం. జాగ్రత్తల అధ్యాయంలోని “తడి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తకండి” అన్న వాక్యానికి ప్రతిసారీ ఎర్ర గుర్తు పడుతుంది. ప్రతిసారీ సరేనని నొక్కి ముందుకు పోతాం.

తర్వాతి వెర్షన్‌లో ‘రన్-ఆన్ టైమ్’ అని కొత్త సెట్టింగ్ వచ్చింది. మా పట్టికలో అది లేదు. ఫైల్ తెరిస్తే సందర్భం వరుసలో క్లయింటు ఇంజినీరు ముందే రాసిపెట్టారు: ఆగమని ఆజ్ఞ వచ్చాక కూడా పంపు కొనసాగే సమయం, చేయించేది కాదు, తనంతట జరిగేది. ‘ఆపాక నడిచే సమయం’ అని పెట్టి పంపేశాం. దాని మీద ప్రశ్నలేవీ రాలేదు.